తిరిగే కెమెరాకు తీగ కట్టడం



అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఎన్ని కంప్యూటర్ కోచింగులు! ఎన్ని హాస్టళ్లు! పంజాగుట్టకు పోతే బట్టల దుకాణాలు, నగల దుకాణాలు. తల ఎత్తి చూడండి. బోర్లించిన గిన్నెలాంటి నల్ల అద్దం కనిపిస్తుంది. అదే డోమ్ కెమెరా.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. అదే సంవత్సరం ప్రజా భద్రతా చట్టం వచ్చింది. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ వచ్చే చోట కెమెరా పెట్టాలి. బొమ్మలు 30 రోజులు దాచాలి. దాంతో తీగలు లాగే పనివాళ్లకు చేతినిండా పని దొరికింది.

కొన్ని డోములు లోపల తిరుగుతాయి. కింద కూర్చున్న మనిషి పుల్లలాంటి మీటను కదిపితే కెమెరా అటు తిరుగుతుంది. ఆ మాటను మోసేది రెండు సన్నని తీగల జత. బొమ్మ వేరే తీగలో వస్తుంది. కరెంటు ఇంకో తీగలో వస్తుంది.

ఈ జతను ఎట్లా కట్టాలి? చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎనిమిది కెమెరాలుంటే ఎనిమిది తీగలు తెచ్చి ఒక్కచోట ముడి వేస్తారు. అట్లా వద్దు. మెట్రో చూడండి. అమీర్‌పేట, తర్వాత పంజాగుట్ట, తర్వాత ఎర్రమంజిల్, తర్వాత ఖైరతాబాద్. ఒకదాని వెనక ఒకటి. తీగ కూడా మొదటి కెమెరాకు, అక్కడి నుంచి రెండో దానికి, అట్లా చివరిదాకా పోవాలి. అమీర్‌పేటలో రెండు మెట్రో దారులు కలుస్తాయి గదా, ఆ కూడలి ఈ తీగకు పనికిరాదు. కొమ్మలు తప్పవంటే ఒక్కో కొమ్మకు వేరే దారి ఇచ్చే పెట్టె అమ్ముతారు, అది పెట్టాలి.

కారణం ఏమంటే, బావిలో అరిస్తే మన గొంతే తిరిగి వస్తుంది. తీగ కొసన కూడా అంతే. మాట వెనక్కి కొట్టుకొచ్చి కొత్త మాటతో కలిసిపోతుంది. కెమెరా ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. అందుకే రెండు కొసల్లోనూ 120 ఓముల నిరోధకం పెడతారు. అది ఆ ప్రతిధ్వనిని మింగేస్తుంది. మధ్య కెమెరాల్లో మాత్రం పెట్టకూడదు, మాట బలం తగ్గిపోతుంది.

జత తీగలు మెలిపెట్టినవే కొనాలి. మామూలుగా ఒక వరసకు 32 కెమెరాలు, 1200 మీటర్ల దూరం హద్దు. కరెంటు తీగ పక్కనే లాగొద్దు. ఒక తీగ ప్లస్, ఒకటి మైనస్. ఎక్కడ తారుమారైతే ఆ కెమెరా మాట వినదు.

ఇక నంబరు. ప్రతి కెమెరాకు ఇంటి నంబరులాగా ఒక నంబరుండాలి. ఇద్దరికీ ఒకే నంబరిస్తే రెండూ కలిసి తిరుగుతాయి. లోపల చిన్న మీటలుంటాయి. చాలా కెమెరాల్లో మొదటి మీట విలువ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8. ఐదో నంబరు కావాలా? 4, 1 కలపండి. మూడో మీట, మొదటి మీట పైకి. పదకొండుకు? 8, 2, 1. మనం నేర్చిన కూడికే! ఈ కూడిక రాక నిచ్చెన మీద నిలబడి మేస్త్రీకి ఫోన్లు చేసేవాళ్లు ఎందరో. వేగం అంకె కూడా కెమెరాలో, కింది పెట్టెలో ఒకటే ఉండాలి. ఒకచోట 2400, ఇంకోచోట 9600 అయితే ఒకరి మాట ఒకరికి తెలియదు.

ఈ రోజుల్లో కొత్త కెమెరాలకు బొమ్మ, మాట, చాలావాటికి కరెంటు కూడా ఒకే నెట్‌వర్క్ తీగలో పోతున్నాయి. వాటి లెక్క తిరగబడింది. ప్రతి కెమెరాకు పెట్టె నుంచి విడి తీగే లాగాలి, 100 మీటర్లు దాటకూడదు. పాత భవనంలో పనికి పోతే ముందు ఏ రకమో చూసుకోవాలి.

కరెంటు తీసేశాకే మూత విప్పండి. నిచ్చెన ఇంకొకరు పట్టుకోవాలి. మూత బిగించే ముందే కెమెరాను ఒకసారి తిప్పి చూడండి. ఏ కెమెరా ఏ మూల, దాని నంబరెంత, కాగితం మీద రాసి పెట్టె తలుపు లోపల అంటించండి.