పత్తి సొమ్ము లెక్క పోకుండ

ఆదోని మార్కెట్టులో పత్తి అమ్ముకొన్న రైతు సొమ్ము లెక్క నేడు బ్యాంకువారి కంప్యూటరు డిస్కులలో నున్నది. డిస్కు ఏనాటికైనను చెడును. 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు దీనికి ఉపాయమును విపులముగ ప్రకటించిరి: చౌక డిస్కులను పెక్కింటిని కూర్చి, అదనముగ నొక లెక్కను దాచుట.

మూడు బండ్ల పత్తి తూకములను, వాని మొత్తమును నాలుగు చీట్లపై వ్రాసితిమనుకొనుడు. ఏ యొక్క చీటి పోయినను తక్కిన మూడును దానిని చెప్పును. రెండు పోయినచో చెప్పలేవు. చెడిన డిస్కును వెంటనే మార్చుటకు తొందర అందుకే. ఎమ్మిగనూరు నేతగాడు పోగు తెగిన మగ్గమాపి అతుకును. ఇచ్చట పని సాగుచుండగనే డిస్కును మార్చుదురు.

విద్యుత్తునందించు భాగములును రెండేసి యుండును. ఆ రెంటిని ఒకే తీగకు తగిలించు మహానుభావులును కలరు!

అయితే పొరపాటున చెరపిన లెక్కను ఈ ఏర్పాటు కాపాడదు. దానికి వేరొక యూర నకలుండవలెను.