మొక్కల పాఠం - పిల్లల చేతులతో

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం తరఫున సాయంకాలం నడుస్తున్న ఉచిత తరగతుల్లో 3, 4, 5 తరగతుల పిల్లలకు సైన్సు చెప్పే మాకు పది నిమిషాలు కేటాయించారు. "ప్రాథమిక విద్యలో విజ్ఞానశాస్త్రం" అని విషయమిచ్చారు. అంత పెద్ద బరువు మేము మోయలేం. ఒక్క మొక్కల పాఠం సంగతే చెబుతాము.

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో మాట ఉర్దూ, బడిలో పుస్తకం తెలుగు. బీజదళం, అంకురోత్పత్తి, కిరణజన్య సంయోగక్రియ - ఈ మాటలు తెలుగు ఇళ్ళలో పుట్టిన పిల్లలకే నోరు తిరగవు. మనవాడు అర్థం కాకపోయినా బట్టీ పడతాడు, పరీక్ష కాగానే మరిచిపోతాడు. రెండేళ్ళు ఇలా గడిచేసరికి "నాకు చదువు రాదు" అని తనకు తానే తీర్మానించుకుంటాడు. అయిదో తరగతి కాగానే మెకానిక్ షెడ్డుకో, కుట్టుమిషను ముందుకో వెళ్ళిన పిల్లల్లో ఇలా తీర్మానించుకున్నవాళ్ళు ఉన్నారు. డబ్బు ఇబ్బంది ఉన్నమాట నిజమే, కాని కారణం అదొక్కటే కాదు.

అందుకని పుస్తకం మూసి, గుప్పెడు మెంతులు బల్ల మీద పోసి ఇవేమిటని అడిగాము. "మేథీ" అని అంతా ఒక్కసారే అరిచారు. గోంగూర కట్ట చూపిస్తే "అంబాడా" అన్నారు. రెండు పేర్లూ పక్కపక్కనే బోర్డు మీద రాశాము. తెలుగు గంటలో ఎన్నడూ నోరు విప్పని ఒక అమ్మాయి, మెంతులు ఎన్ని గంటలు నానాలో, ఎన్నో రోజు మొలక వస్తుందో గడగడా చెప్పేసింది. వాళ్ళ అమ్మ రోజూ చేసే పనే కదా! పిల్లకు విషయం తెలుసు, మాట ఒక్కటే తెలియదు.

ఇక గ్లాసు ప్రయోగం. గాజు గ్లాసులో తడిపిన కాగితం చుట్టి పెట్టి, కాగితానికీ గాజుకూ మధ్య, రాత్రంతా నానిన బొబ్బర్లు నాలుగు ఇరికించాలి. ముందు వేరు వస్తుంది, తర్వాత కాండం. పిల్లలు రోజూ బొమ్మ గీసి, స్కేలుతో కొలిచి రాస్తారు. వేరు వేలెడు అయ్యాక గ్లాసును తలకిందులు చేయాలి. ఒకటి రెండు రోజుల్లో వేరు కొస వంపు తిరిగి మళ్ళీ కిందికే పోతుంది. అప్పుడు ఒక కుర్రవాడు, "జడ్‌కు కళ్ళున్నాయా సార్, కింద ఎటో దానికెలా తెలిసింది?" అన్నాడు. నవ్విన పిల్లలను మేము ఆపాము. వెలుతురుకు దూరంగా పోతోందేమో అని ఇంకొకడు ఊహించాడు. సరే, చూద్దామని ఒక గ్లాసును చీకటి అలమారాలో తలకిందులుగా పెట్టించాము. అక్కడా కిందికే పోయింది. వెలుతురు కాదని వాళ్ళే తేల్చారు. వేరు కొసన ఉన్న కణాల్లో పిండి రేణువులుంటాయనీ, అవి బరువుకు కిందికి దిగి దిక్కు తెలుపుతాయనీ ఆ తర్వాతే చెప్పాము. ముందే చెప్పేస్తే అదీ బట్టీలో కలిసిపోయేది.

మందుల షాపు టించర్ అయొడిన్ చుక్క అన్నం మెతుకు మీద, ఆలుగడ్డ ముక్క మీద వేస్తే నల్లటి నీలం అవుతుంది, అక్కడ పిండిపదార్థం ఉందన్నమాట. ఉల్లిపాయ ముక్క మీద వేస్తే ఆ రంగు రాదు. ఆకును స్పిరిట్‌లో ఉడికించే ప్రయోగం మాత్రం చిన్న తరగతుల్లో వద్దనే మా అభిప్రాయం, స్పిరిట్ అంటుకుంటుంది. మందారపు రేకులు వేడినీళ్ళలో వేసి, ఆ రంగునీళ్ళలో నిమ్మరసం పిండితే ఎరుపెక్కుతుంది, చాకలిసోడా వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడడం తల్లులకు కొత్త కాదు. ఆమ్లం, క్షారం అనే పాఠం అదే. రణపాల ఆకును తడిమట్టి మీద పడేస్తే అంచుల్లోంచి పిల్లమొక్కలు వస్తాయి. దీనికి మాస్టారి అవసరమే లేదు.

పండగ ముందు చేయించినది గోరింటాకు. నూరిన ఆకు ఒకేసారి అయిదు గోళ్ళకు పెట్టి, పది నిమిషాలకు ఒక వేలు, అరగంటకు ఒకటి, గంటకు, మూడు గంటలకు, చివరిది తెల్లవారాక కడగాలి. ఏది ఎంత పండిందో పక్కపక్కన పెట్టి చూడాలి. ఆకులోని లాసోన్ అనే పదార్థం గోటిలోని కెరటిన్‌ను పట్టుకోవడం వల్లే ఆ రంగు. బజారులో "నల్ల మెహందీ" అని అమ్మేవాటిలో జుట్టు రంగుల్లో వాడే రసాయనం కలుపుతుంటారు, చర్మం పొక్కుతుంది. పిల్లలకు పెట్టవద్దు.

"చదువుకోమని పంపితే మట్టిలో ఆడిస్తున్నారా?" అని ఒక తండ్రి మమ్మల్ని నిలదీశారు. అడగడం ఆయన హక్కే. నాటిన చెట్టు నుంచి మనిషైనా పశువైనా పక్షైనా తింటే అది నాటినవానికి సదఖా అని ప్రవక్త (స) వారు చెప్పిన సంగతి ఆయనకు తెలుసు. 9వ శతాబ్దంలో అబూ హనీఫా దీనవరీ "కితాబున్ నబాత్" అని మొక్కల మీదే గ్రంథం రాశారు. స్పెయిన్‌లో పుట్టిన ఇబ్నుల్ బైతార్ మొక్కలు వెతుకుతూ దేశాలు తిరిగి, 1248లో దమాస్కస్‌లో కన్నుమూశారు. సభల్లో ఈ పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. ఆ పనిని మన పిల్లల చేత చేయించడమే కష్టం. ఆ తండ్రికి అంత ఉపన్యాసం ఇవ్వలేదు లెండి, కొడుకు రాసిన నోటు పుస్తకం చూపించాము. పదిహేను రోజుల కొలతలు, తెలుగులో, ఎవరూ డిక్టేషన్ చెప్పకుండా రాసినవి. ఆయన రెండుసార్లు తిరగేసి, ఏమీ అనకుండా వెళ్ళారు. పిల్లవాడు మాత్రం మానలేదు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడుల్లో చేసి నేర్చుకునే సైన్సు మొదలుపెట్టి, 2002 దాకా నడిపారు. పల్లె బడుల్లో, పేద పిల్లలతోనే నడిపారు. కనుక ఇది డబ్బున్న బడుల వ్యవహారమని ఎవరూ అనుకోవద్దు.

మాకు కావలసింది పెద్దగా లేదు. పగలని పాత గాజు గ్లాసులు, హార్లిక్స్ సీసాలు, మూత ఉన్న డబ్బాలు, వాడని స్కేళ్ళు మీ ఇళ్ళలో ఉంటే పంపండి. సంఘం కార్యాలయం వెనక ఎండ తగిలే గోడ పక్కన నాలుగు గజాల జాగా పిల్లలకు వదలాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. అక్కడ ఇప్పుడు షామియానా కర్రలు పేర్చి ఉన్నాయి. వాటిని ఎక్కడికి మార్చాలో చెబితే మోసే పని మేమూ పిల్లలూ చూసుకుంటాము.