ముట్టుకోకుండా కొలిచే అయస్కాంతం



కారు యాక్సిలరేటరు తొక్కినప్పుడు అది ఎంత కిందికి దిగిందో కారులోని కంప్యూటరుకి ఎలా తెలుస్తుందండీ? పాత పద్ధతి రేడియోలో వాల్యూము కంట్రోలు లాంటిదే. ఒక లోహపు ముక్క కార్బను పట్టీని రాసుకుంటూ జరుగుతుంది, దాన్నిబట్టి వోల్టేజి మారుతుంది. రాసుకునేది ఏదైనా అరగక తప్పదు కదా. పిల్లలు వీడియోగేము ఆడుతుంటే కంట్రోలరు ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే పక్కకి నడిచిపోతుంది చూడండి, చాలావరకు ఈ అరుగుదల వల్లే.

అయస్కాంతానికి ఆ బాధ లేదు. 1879లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి, పల్చటి బంగారు రేకులో కరెంటు పారుతుండగా దాన్ని అయస్కాంతం దగ్గర పెడితే రేకుకి అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుందని కనిపెట్టాడు. అప్పటికింకా ఎలక్ట్రాన్ సంగతే ఎవరికీ తెలియదు! అయస్కాంతం దగ్గరైతే ఆ వోల్టేజి పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఇప్పుడు బంగారు రేకు బదులు గోరుకన్నా చిన్న చిప్పు. పెడలుకి అయస్కాంతం, ఎదురుగా చిప్పు, మధ్యలో ఖాళీ. అంతే.

కానీ ఈ చిప్పు ఉత్త అమాయకురాలు. అయస్కాంతం ఎంత బలంగా ఉందో చెబుతుంది గానీ, అది ఎవరి అయస్కాంతమో చెప్పలేదు. అందుకే పెడలులో ఒకటికి రెండు సెన్సర్లు పెడతారు. రెండింటి లెక్కా కలవకపోతే కారు జోరు తగ్గించుకుని దీపం వెలిగిస్తుంది. సాఫ్ట్‌వేరు వాణ్ణి కాబట్టి నాకు ఈ అనుమానబుద్ధి మహా ఇష్టం.

ఇక అసలు సంగతి. మన అమ్మానాన్నల్లో కొందరికి ఛాతీలో పేస్‌మేకరో, అవసరమైతే షాకిచ్చే డిఫిబ్రిలేటరో ఉంటుంది. వాటిలోనూ అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సరు ఉంటుంది. ఆపరేషన్ సమయంలో డాక్టరు పైన అయస్కాంతం పెడితే డిఫిబ్రిలేటరు షాకులు ఆపేస్తుంది. కావాలని చేసిన ఏర్పాటే అది. మరి జేబులో ఫోను డాక్టరుగారి అయస్కాంతం కాదని దానికెలా తెలుస్తుంది? 2020లో ఐఫోన్ 12 వెనకభాగంలో అయస్కాంతాల వలయం వచ్చింది. 2021లో డాక్టర్లు ఆ ఫోనుని ఒక రోగి ఛాతీ మీద ఉంచి చూస్తే షాకిచ్చే పని నిలిచిపోయింది, తీసేస్తే మళ్ళీ మామూలే. 6 అంగుళాలకు పైగా, వైర్‌లెస్ చార్జింగులో ఉంటే 12 అంగుళాలకు పైగా దూరం ఉంచమని ఆ కంపెనీయే చెబుతోంది.

మన నాన్నగార్ల ఫోను ఉండేది ఎడమ చొక్కా జేబులో. ఆ పరికరాన్ని మామూలుగా అమర్చేదీ ఎడమవైపే. ఇక్కణ్ణుంచి ముచ్చటపడి ఐఫోను కొని పంపేదేమో మనం! ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "నాన్నా, ఫోను ఎక్కడ పెట్టుకుంటున్నారు?" అని ఒక్కమాట అడగండి. ప్యాంటు జేబు నయం. అయస్కాంతంతో మూసుకునే ఫోను కవర్లకీ ఇదే లెక్క.

ఉంటానండీ, సెలవు.