జీతమెవ్వరిది? సేవ యెవ్వరికి?



“ఎవరి యుప్పు తిన్నవాడు వారి మేలు కోరవలె” నని పెద్దల మాట. పరదేశ ప్రభువుల విషయమున ఈ మాట యెంతవరకు చెల్లినదో లెక్కలే చెప్పగలవు.

1773 చట్టము గవర్నరు జనరలునకు సాలునకు 25,000 పౌనుల జీతము నిర్ణయించెను. అది ఇంగ్లండు బొక్కసమునుండి గాక ఈ దేశపు శిస్తునుండియే చెల్లెను. 1858 పిమ్మట లండనులో కూర్చుండి మనల నేలిన ఇండియా మంత్రి జీతమును సైతము 1919 చట్టము వచ్చువరకు మన రైతులే భరించిరి. 1935 చట్టము మద్రాసు గవర్నరునకు సాలునకు 1,20,000 రూపాయలు విధించెను.

వీర్నపల్లి, సిరిసిల్ల ప్రాంతములు నాడు నిజాము రాజ్యములోనివి. ఇచ్చట గవర్నరు లేడు. కుంఫిణీవారి రెసిడెంటు గలడు. 1798 సంధివలన కుంఫిణీ పటాలములకై నిజాము సాలునకు 24,17,100 రూపాయలు చెల్లింప నొప్పుకొనెను. 1800లో ఆ సొమ్మునకు మారుగా బళ్లారి, కడప మున్నగు దత్తమండలములు కుంఫిణీ పాలయ్యెను.

అంతటితో ఋణము తీరలేదు. రెసిడెంటు హెన్రీ రస్సెల్ కాలమున ఆంగ్లాధికారుల క్రింద వేరొక సైన్యము పెరిగెను. జీతము నిజాముది, ఆజ్ఞ రెసిడెంటుది. ఆ జీతములకై పామర్ కంపెనీవద్ద అధికవడ్డీకి అప్పులు చేయవలసి వచ్చెను. ఆ కంపెనీ భాగస్వామి రంబోల్డు, గవర్నరు జనరల్ హేస్టింగ్సు పెంచిన బాలిక భర్త! 1820లో వచ్చిన రెసిడెంటు మెట్‌కాఫ్ ఈ గుట్టు బయలుపరచెను. న్యాయబుద్ధి గలవారు వారిలోను లేకపోలేదు. అయినను 1823లో ఆ యప్పు తీర్చుటకై కుంఫిణీ 1,16,66,666 రూపాయలిచ్చి, ఉత్తర సర్కారులకై తాను ఏటేట చెల్లించు 7 లక్షల పేష్కషును శాశ్వతముగా రద్దు చేసికొనెను. 1853లో సైన్యపు బాకీక్రింద బీరారును వశము చేసికొనెను.

ఉప్పు రైతుది, ఊడిగము లండనుకు. కారణమేమి? జీతమిచ్చువానికి నియమించు హక్కుగాని, తొలగించు హక్కుగాని, లెక్క అడుగు హక్కుగాని లేకుండెను. జీతమొక్కటే యుద్యోగిని కట్టివేయజాలదు; లెక్క అడుగువాడున్నప్పుడే అతడు కట్టుబడును.

నేడు ఆ హక్కు ప్రజలది. పంచాయతీ మొదలు రాష్ట్రమువరకు వ్యయమగు ప్రతి రూపాయి మనదే. కాని లెక్క చదువనేరనివాడు లెక్క అడుగనేరడు. చదువు నేర్పి, ఆ ధైర్యము నిచ్చు స్థలము గ్రంథాలయము. దాని తలుపు నిత్యము తెరచియుండుగాక!