మరల వెళ్లి చూచుట

ఈ ఉదయము మన ధ్యానమునకు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము 36వ వచనమును తీసుకుందాం. బైబిలు దగ్గర ఉన్నవారు తెరవండి. ప్రయాణంలో ఉన్నవారు, వంటపనిలో ఉన్న తల్లులు ఇప్పుడు విని, తర్వాత చదువుకోండి.

ఇక్కడ పౌలు బర్నబాతో మాట్లాడుతున్నాడు. మనం ఇదివరకు వాక్యము ప్రకటించిన ప్రతి పట్టణానికీ మళ్లీ వెళ్దాం, అక్కడి సహోదరులు ఎలా ఉన్నారో చూద్దాం అని ఆయన మాటల భావము. గమనించండి. సంఘము ఎంత పెరిగిందో లెక్క చూద్దాం అనలేదు. మనుషులు ఎలా ఉన్నారో చూద్దాం అన్నాడు. ఆ పట్టణాలలో లుస్త్ర ఒకటి. అక్కడ పౌలును రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకొని ఊరి బయటకు ఈడ్చిపారవేశారు. అటువంటి ఊరికి మళ్లీ వెళ్దాం అంటున్నాడు.

ఈ వచనము ఒక శనివారము నన్ను గద్దించింది. ఆ సంగతి దాచకుండా మీతో చెప్తాను.

2013లో వాక్యపరిచర్య నిమిత్తము దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్లాను. అక్కడ మన తెలుగువారు తరతరాలుగా ఉన్నారని మీలో కొందరికి తెలుసు. 1860 నుండి 1911 వరకు సుమారు 1,52,000 మంది మన దేశం నుండి నాటాల్‌కు కూలీలుగా ఓడలలో వెళ్లారు. చెరకు తోటలలో, తేయాకు తోటలలో, రైలు మార్గాలలో పనిచేశారు. మొదటి ఒప్పందము 5 ఏళ్లు. వారిలో తెలుగువారు అనేకులు. వారి కొరకు 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్య గారిని మిషనరీగా పంపారు. కియర్స్నీ అనే తేయాకు తోటల ప్రాంతములో ఆ సంవత్సరమే సంఘము ఏర్పడింది. కూలి డబ్బులు వెనక్కి పంపే ఊరు నుండి కాదు, బీద సంఘాల కానుకల నుండి ఆ సేవకుడు వెళ్లాడు. ఇది మనము మరువకూడని చరిత్ర.

ఆ మొదటి ప్రయాణములో చాట్స్‌వర్త్ అనే పేటలో ఒక వృద్ధురాలి ఇంట భోజనము చేశాను. వర్ణభేద ప్రభుత్వము భారతీయులను వారి పాత ఇండ్ల నుండి తరలించి, 1960లలో కట్టిన పేట అది. ఆ అమ్మ నా చేతికి ఒక కాగితము ఇచ్చింది. ఓడ చిట్టాకు నకలు. వాళ్ల తాత పేరు, ఆయన తండ్రి పేరు, వయసు, విశాఖపట్టణం జిల్లా, తాలూకా, ఊరు, అన్నీ అందులో ఉన్నాయి. "బాబూ, ఆ ఊరు ఉందో లేదో చూసి చెప్తావా?" అని అడిగింది. తప్పకుండా చూస్తానమ్మా అన్నాను. కాగితమును బైబిలులో పెట్టుకున్నాను. ఆ ఊరు మా ఇంటికి బస్సులో నాలుగు గంటల దూరము. పదేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. కొత్త బైబిలు కొనుక్కున్నాను, కాగితము పాత దానిలోనే ఉండిపోయింది.

2023లో మళ్లీ డర్బన్ వెళ్లాను. ఒక శనివారము సంఘ స్నేహితులను దర్శించుటకు పెట్టుకున్నాము. ఆ అమ్మ ఇల్లు చివరకు ఉంచమని నేనే అడిగాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఉదయము ఫీనిక్స్‌లో ఒక సహోదరుని ఇంటికి వెళ్లాను. తలుపు ఆయనే తీశాడు. అక్కయ్యగారు ఏరి అని అడిగాను. గోడమీది పటము చూపించాడు. 2021లో ప్రభువు పిలుపు అందుకున్నదట. నేను ప్రతి క్రిస్మస్‌కు అందరికీ పంపే సందేశమును, మీ దంపతులకు శుభాకాంక్షలు అని, ఆయనకూ పంపుతూనే ఉన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. టీ పెట్టి తెచ్చాడు. ఆ టీ తాగుట నాకు కష్టమైంది.

సాయంకాలము చాట్స్‌వర్త్ చేరాము. దారిలో కారులో నేను ఒక జవాబు సిద్ధము చేసుకున్నాను. "వెళ్లానమ్మా, ఎవరూ దొరకలేదు." చిన్న మాట. ఆమె సంతోషిస్తుంది, నా పరువు నిలుస్తుంది. బోధకుడు కూడా ఇలా ఆలోచిస్తాడా అని మీరు అనవచ్చు. ఆలోచించాను.

ఆ అమ్మకు అప్పటికి 88 ఏళ్లు. చూపు మందగించింది. నా గొంతు పోల్చుకొని, నా చేయి పట్టుకొని, "ఊరు చూశావా బాబూ?" అంది. సిద్ధము చేసుకున్న మాట నోట రాలేదు. "లేదమ్మా. వెళ్లలేదు. మరచిపోయాను" అన్నాను. ఆమె కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "మా తాత కూడా వాళ్లమ్మకు అయిదేళ్లలో వస్తానని చెప్పాడట." అంతే. లేచి కోడలిని అన్నము వడ్డించమంది.

ప్రియులారా, నేను తిరిగి వచ్చిన మూడవ వారము ఆ ఊరు వెళ్లాను. ఊరు ఉంది. ఆ పేరు ఎరిగినవారు ఎవరూ లేరు. చెరువు గట్టున నిలబడి ఫోటో తీసి, ఆమె మనవడి ఫోనుకు పంపాను. ఆమె గొంతుతో ఒక ప్రశ్న వచ్చింది: "చెరువులో నీళ్లున్నాయా?" ఉన్నాయమ్మా, నిండుగా ఉన్నాయి అని చెప్పాను. ఈసారి అది నిజము.

పౌలు ఆ మాట అన్న వెంటనే మార్కు విషయమై ఆయనకూ బర్నబాకూ వాదము కలిగింది, ఇద్దరూ విడిపోయారు. అయినా మరల వెళ్లి చూచుట ఆగలేదు. బర్నబా కుప్రకు వెళ్లాడు, పౌలు సీలతో కలిసి బయలుదేరాడు. 16వ అధ్యాయములో ఆ లుస్త్రలోనే తిమోతి కనిపించాడు. రాళ్లు పడిన ఊరికి మళ్లీ వెళ్లినందున ఒక జతపనివాడు దొరికాడు.

మీరు వస్తానని చెప్పి వెళ్లని ఇల్లు ఒకటి ఉండవచ్చు. చూస్తానని చెప్పి చూడని పని ఉండవచ్చు. ఆలస్యమైనదని సిగ్గుపడి ఇంకా ఆలస్యము చేయకండి. సాకు సిద్ధము చేసుకోకండి. ఈ వారములో ఒక్క ఇంటికి వెళ్లండి. పని గురించి అడుగక ముందు, ఎలా ఉన్నారు అని అడిగి, జవాబు వచ్చేవరకు కూర్చోండి.

ప్రార్థించుకుందాం. మమ్మును దర్శించుటకు వచ్చిన ప్రభువా, మేము మరచిన వారిని నీవు మరువలేదు. వారి గడప తొక్కే ధైర్యమును, నిజము చెప్పే నోటిని మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.