దూరమైన బిడ్డకు మాటే అండ



ఈ డెబ్భై అయిదేళ్ల పండుగవేళ, మన బడి గడప దాటి విశ్వవిద్యాలయాలకు వెళ్లిన బిడ్డల మనసును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇంట తెలుగు, వీధిలో కన్నడం, అక్కడి తరగతిలో ఆంగ్లం. ఇక్కడ మొదటి వరుసలో నిలిచిన పిల్లలే అక్కడ ప్రశ్న అడగడానికి జంకుతారు. జంకు మౌనమవుతుంది, మౌనం నిద్రను, ఆకలిని హరిస్తుంది. తరగతులు మానడం, స్నేహితులకు దూరం కావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే, సోమరితనమని నిందింపరాదు. అవి వైద్యుని సంప్రదించవలసిన సూచనలు.

నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హత గల సలహాదారు ఉండాలని 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఆదేశించింది. బిడ్డను చేర్చేనాడు ఫీజుతోపాటు ఆ సలహాదారు ఎవరో కూడా అడగండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416లో ఫోను చేస్తే, రేయింబవళ్లు ఉచితంగా, తెలుగులో సైతం మాట్లాడవచ్చు. పాఠం ఏ భాషలోనైనా అప్పజెప్పవచ్చును గాని, దుఃఖం చెప్పుకోవడానికి తల్లిభాషే కావాలి.

తల్లిదండ్రులారా, మార్కులకు ముందు “తిన్నావా? నిద్ర పట్టిందా?” అని అడగండి. మందలించక వినండి. చనిపోవాలన్న మాట వినబడితే బెదిరింపని కొట్టివేయక, ఒంటరిగా విడువక, ఆ క్షణమే సహాయం అందించండి.

పూర్వ విద్యార్థులారా, మీ ఊరి విశ్వవిద్యాలయానికి మన బడి బిడ్డ వస్తే, నెలకొక ఆదివారం భోజనానికి పిలవండి. ఈ బడి ఋణం తీర్చుకొనుటకు అంతకన్న మంచి మార్గం లేదు.