పెట్టుబడి సహాయము – కౌలురైతు భాగము



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. కాని మనలో బెక్కుమంది పల్లెలయందు పట్టాభూములు గలవారు. వానిని స్వయముగ దున్నువారు కొందఱే. కావున నేడు వేఱొక సంగతి మనవి చేయ దలచితిమి.

తెలంగాణ ప్రభుత్వమువారు 2018వ సంవత్సరము మే 10వ తేదీన కరీంనగరు జిల్లా హుజూరాబాదునందు రైతుబంధు పథకమును ప్రారంభించిరి. మొదట ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు. 2019 వానాకాలమునుండి 5,000. 2025 జనవరిలో రైతుభరోసా యను పేర నది 6,000 అయ్యెను. విత్తులకును ఎరువులకును రైతు వడ్డీవ్యాపారి గడప ద్రొక్కకుండుటకై యేర్పడిన యీ సహాయము మెచ్చదగినదే. అయితే ఈ ధనము పాసుపుస్తకమును జూచి వచ్చును గాని నాగలిని జూచి రాదు. 2018 ఆగస్టులో నేర్పడిన 5 లక్షల రూపాయల రైతుబీమాయు పట్టాదారునకే. కౌలురైతు మరణించినచో నాతని యింటికి నేమియు లేదు.

మా సంగతియే చెప్పెదము. పిత్రార్జితమైన మా నాలుగెకరములను మా గ్రామమందలి యొక కౌలురైతు చిరకాలముగ సాగుచేయుచున్నాడు. కేంద్ర ప్రభుత్వమువారి కిసాన్ సమ్మాననిధి, నెలకు 10,000 రూపాయలును అంతకు మించియు పింఛను గొనువారికి వర్తింపదు గావున మాకు రాలేదు, న్యాయమే. రైతుబంధునకు అట్టి నిషేధము లేకుండుటచే పంటపంటకు 20,000 రూపాయలు మా ఖాతాలో జేరుచుండెను. ఒక యాసంగిలో వడగండ్లు వరిని నేలగూల్చెను. ఆ రైతు అప్పుచేసి కౌలుసొమ్ము దెచ్చి మా యరుగుమీద బెట్టి, "సారూ, లెక్క జూసుకోండ్రి" అనెను. దానిని ముట్టుటకు మాకు చేయి రాలేదు. 'కృష్' ధాతువునుండి కర్షకశబ్దము పుట్టినదని, దున్నువాడే కర్షకుడని, ముప్పదియేండ్లు పిల్లలకు బోధించితిమి. కర్షకులము గాకయే కర్షకుని ధనమును పుచ్చుకొంటిమి!

నాటినుండి ప్రభుత్వధనము వచ్చినంత మేర కౌలులో దగ్గించుచున్నాము.

కౌలు కాగితము వ్రాసినచో భూమి పోవునని మనవారి భయము. 1950 నాటి కౌలుదారీ చట్టముచే రక్షిత కౌలుదారులకు హక్కులు గలిగినవి గనుక నీ భయము నిరాధారము గాదు. అయినను 2011 నాటి భూ అధీకృత సాగుదారుల చట్టము ననుసరించి యిచ్చు పత్రము ఋణాదులకే గాని, భూస్వామి హక్కునకు భంగము కలిగింపదు. దాని నమలుపఱుపుడని అధికారులను మన సంఘమే యడుగవలెను. అడ్డుపడువారు మనలో నుండరాదు.

ప్రభుత్వమును నిందించుటకై యీ మాటలు చెప్పలేదు. మన విద్యార్థి వసతిగృహమునకు దాత లిచ్చిన చందాలలో కౌలురైతు చెమటయు గలదు. శాసనము మాఱువఱకు వేచియుండ నక్కఱలేదు. వచ్చు వానాకాలమున కౌలు మాటలాడుకొను దినముననే యీ సొమ్మును లెక్కలో గలిపి తగ్గింపుడు. ఈ మాత్రము మన చేతిలోనే యున్నది.